హార్డ్‌డిస్క్‌కు పసుపు రంగు వచ్చింది, బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఏది?

తమ్మీ, ఇది చదవడం అయ్యేదాకా ఆ డిస్క్ మీద ఏ సాఫ్ట్‌వేరూ నడపకు. సిస్టమ్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి, మిగతాది ఫోన్‌లో చదువు.

నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. జమ్మికుంటలో ఫొటో స్టూడియో. 2 టీబీ డిస్క్, అందులో 1.6 టీబీ నిండిపోయింది. ఇంకా ఆల్బమ్, వీడియో ఇవ్వాల్సిన పెళ్లిళ్లు మూడు దాంట్లోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. అందులో ఒకానొక ఫోల్డర్ తెరిస్తే చాలు, సిస్టమ్ రెండు మూడు నిమిషాలు బిగుసుకుపోతోంది. అనుమానం వచ్చి, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేస్తే పసుపు రంగులో 'కాషన్' (జాగ్రత్త) అని చూపించింది. అందులో ఒక్కో లెక్కకు ఒక్కో నంబరు ఉంటుంది. 05 దగ్గర 8, సీ5 దగ్గర 18, సీ6 దగ్గర 18, సీ7 దగ్గర 2, 09 దగ్గర 5బీఈ0 ఉన్నాయి. పక్క దుకాణం ఆయన విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ కొట్టమన్నాడు. యూట్యూబ్‌లో ఇంకెవరో బ్యాడ్ సెక్టార్లు (డిస్క్ మీద చదవలేని చోట్లు) రిపేరు చేసే సాఫ్ట్‌వేర్ చూపించాడు. ఈ రెండింట్లో ఏది వాడాలని నీ ప్రశ్న.

రెండూ వద్దు. ముందు కాపీ, తర్వాతే ఏదైనా.

హన్మకొండ చౌరస్తా దగ్గర ఇరవై ఏళ్లుగా రిపేరు దుకాణం నడుపుతున్నా. చచ్చిపోయిన డిస్క్‌తో వచ్చే గిరాకీల్లో చాలామందికి డిస్క్ ముందే చెప్పింది. చెప్పిన తర్వాత వాళ్లు దాన్ని బాగుచేద్దామని రాత్రంతా ఏదో ఒకటి నడిపారు. ఈ హెల్త్ చూపించే సాఫ్ట్‌వేర్లది ఊళ్లో దండోరా వేసేవాడి పని. చెరువు కట్ట తెగేలా ఉందని డప్పు కొట్టి చెబుతాడు. కట్ట మీద మట్టి మాత్రం వెయ్యడు.

ఇప్పుడు నీ అంకెలు సరిగ్గా చదువుదాం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 'రా వాల్యూస్' కాలమ్ మొదట్లో హెక్సాడెసిమల్‌లో ఉంటుంది, అంటే పది బదులు పదహారు మీద లెక్క. సీ5 దగ్గర నీకు కనిపించిన 18 నిజానికి 24. పై మెనూలో ఫంక్షన్, అందులో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్‌కు వెళ్లి డెసిమల్ పెట్టుకుంటే మామూలు అంకెలు వస్తాయి. ఇది తెలియక 10 చూసి పది అనుకునేవాళ్లు (అది పదహారు), ఏబీసీలు చూసి వైరస్ వచ్చిందని వణికేవాళ్లు వారానికి ఒకరైనా వస్తారు.

09 దగ్గరున్న 5బీఈ0 అంటే 23,520. అది డిస్క్ కరెంటు మీద ఉన్న గంటల లెక్క. మూడేళ్ల కింద కొత్తది కొన్నానని రాశావు. మూడేళ్లలో 23,520 గంటలంటే రోజుకు ఇరవై ఒక్క గంటలకు పైనే. రెండరింగ్ పెట్టి రాత్రిళ్లు కూడా వదిలేసి ఇంటికి పోతుంటే సరే. పొద్దున తీసి రాత్రి కట్టేసే స్టూడియో అయితే మాత్రం నీకు అమ్మినాయన వాడిన డిస్క్‌ను కొత్తదని అంటగట్టాడు. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. 2025 మొదట్లో జర్మనీలో ఇలాగే సర్వర్లలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్క్‌లు గంటల మీటర్ సున్నా చేసి కొత్తవిగా అమ్ముడైన సంగతి బయటపడింది. ఆ డిస్క్‌ల లోపల 'ఫార్మ్' అనే ఇంకో లాగ్ ఉంటుంది. ఆ మోసగాళ్లు దాన్ని మార్చకుండా వదిలేయడంతో దొరికిపోయారు. కాబట్టి ఇక మీదట డిస్క్ కొన్న రోజే, బిల్లు చేతిలో ఉండగానే, 09 చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. సున్నా, ఒకటి, రెండు గంటలు ఉండాలి. మీటర్ సున్నా చేసి అమ్మినదాన్ని మాత్రం ఇది పట్టించలేదు.

సీ7 సంగతి వదిలెయ్. అది డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య కేబుల్‌లో వచ్చిన తప్పుల లెక్క, ఒకసారి ఎక్కితే మళ్లీ తగ్గదు. ఎప్పుడో కేబుల్ వదులైనప్పుడు రెండు పడి ఉంటాయి. అది రోజూ పెరుగుతుంటేనే సాటా కేబుల్ మార్చాలి. ఎవరైనా ఇది చదువుతూ తన సీగేట్ డిస్క్‌లో 01, 07 (చదవడంలో, హెడ్ జరపడంలో వచ్చిన తప్పుల లెక్కలు) దగ్గర కోట్లలో అంకె చూసి టెన్షన్ పడుతుంటే, వాళ్లూ ఊపిరి పీల్చుకోవచ్చు. సీగేట్ ఆ రెండు గడుల్లో మొత్తం ఎన్నిసార్లు చదివింది, డేటా చదివే హెడ్‌ను ఎన్నిసార్లు జరిపింది అనే లెక్క కూడా కలిపి చూపిస్తుంది. అక్కడ పెద్ద అంకె మామూలే.

అసలు విషయం 05, సీ5, సీ6 దగ్గరుంది.

హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం మీద డేటా చిన్న చిన్న సెక్టార్లుగా ఉంటుంది. ఒక్కో సెక్టార్‌లో నీ డేటాతో పాటు దాన్ని సరిచూసుకునే కోడ్ కూడా రాసి ఉంటుంది. హెడ్ చదివినప్పుడు ఆ కోడ్‌తో సరిపోకపోతే చిన్న తప్పయితే డిస్క్ తనే దిద్దుకుంటుంది. దిద్దలేకపోతే పళ్లెం ఇంకో చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగి మళ్లీ చదువుతుంది. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. అది వందలసార్లు ప్రయత్నిస్తుంది, విండోస్ కూడా ఓపిక పట్టి మళ్లీ మళ్లీ అడుగుతుంది. నీ సిస్టమ్ బిగుసుకుపోయే ఆ రెండు మూడు నిమిషాలు లోపల జరిగేది ఇదే. ర్యామ్ పెంచితే పోయేది కాదు, విండోస్ మళ్లీ వేస్తే పోయేది అంతకన్నా కాదు.

ఎంతకీ చదవలేకపోతే డిస్క్ ఆ సెక్టార్‌ను 'పెండింగ్'లో పెడుతుంది. సీ5 అదే. వెంటనే దాన్ని తీసేసి, దాచి ఉంచిన స్పేర్ సెక్టార్‌ను ఎందుకు పెట్టదంటే, అలా మారిస్తే అందులో ఉన్న నీ డేటాను వదులుకున్నట్టే. అందుకని ఆగుతుంది. మళ్లీ ఎప్పుడైనా చదవడానికి దొరికితే సరి. లేదంటే, ఎవరైనా ఆ చోట కొత్త డేటా రాయమన్నప్పుడు రాసి చూస్తుంది. నిలబడితే పెండింగ్ నుంచి తీసేస్తుంది. నిలబడకపోతే స్పేర్‌ను పెట్టి 05 లెక్క పెంచుతుంది. సీ6 అంటే డిస్క్ వేరే పనేమీ లేనప్పుడు తనను తాను తనిఖీ చేసుకుని చదవలేకపోయినవి. నీ దాంట్లో రెండూ 24 కాబట్టి బహుశా అవే సెక్టార్లు రెండు చోట్లా లెక్కలోకి వచ్చాయి.

ఇంకొకటి గమనించావా? నీ 8, నీ 24 రెండూ ఎనిమిదో ఎక్కంలోవి. ఇప్పటి డిస్క్‌ల్లో అసలు సెక్టార్ 4096 బైట్లు. పాత సిస్టమ్‌ల కోసం దాన్నే ఎనిమిది ముక్కలు చేసి 512 బైట్ల సెక్టార్లుగా చూపిస్తారు. ఒక్క అసలు సెక్టార్ పాడైతే చాలా డిస్క్‌ల్లో మీటర్ ఎనిమిది పెరుగుతుంది. అంటే నీ పళ్లెం మీద ఇప్పుడు చదవలేకపోతున్నవి మూడే చోట్లు, అంతకుముందు మార్చేసింది ఒకటి. పోయినా పన్నెండు కేబీ. అవి పెద్ద వీడియో ఫైల్ మధ్యలో పడితే ఒక క్షణం బొమ్మ చెదురుతుంది, అంతే. ఫోల్డర్ల పట్టిక ఉన్నచోట పడితే ఫోల్డరే మాయమైనట్టు కనిపిస్తుంది. నీకు ఒక ఫోల్డరే తెరుచుకోవడం లేదంటే కొంచెం భయపడాల్సింది ఆ రెండో దానికే.

ఇప్పుడు చెక్‌డిస్క్ ఎందుకు వద్దన్నానో చెబుతా. ఇది నా సొంత తప్పు, అందుకే గట్టిగా చెబుతున్నా. 2013లో పరకాల నుంచి ఒక స్టూడియో ఆయన 500 జీబీ డిస్క్ తెచ్చాడు. అచ్చం నీలాగే, తెరుచుకుంటోంది కానీ నత్తనడక. ఆ రోజు దుకాణంలో రద్దీగా ఉంది. ఆర్ స్విచ్‌తో (పాడైన చోట్లు కూడా వెతకమనే ఆప్షన్) చెక్‌డిస్క్ పెట్టి, తెల్లారేసరికి అయిపోతుందిలే అని షట్టర్ దించి వెళ్లాను. పొద్దున తాళం తీసేటప్పటికే లోపల్నుంచి టిక్, టిక్, టిక్ అని చప్పుడు. గోడ గడియారం అనుకున్నాను, మా దుకాణంలో గోడ గడియారం లేదు. ముందురోజు సాయంత్రం కూర్చుని కాపీ చేసి ఉంటే నూటికి తొంభై వంతులు వచ్చేది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. 'పిల్ల పెళ్లి ఫొటోలన్నా, వాళ్లకేం చెప్పాలె' అన్నాడు. అది ఇప్పటికీ చెవిలో ఉంది.

చెక్‌డిస్క్ చెడ్డది కాదు, దాని పని వేరు. ఫైల్ సిస్టమ్ లెక్కలు పొందికగా ఉండేలా చూడడం దాని పని, నీ ఫైళ్లను కాపాడడం కాదు. లెక్కకు రాని ఫోల్డర్ కనిపిస్తే తుంచి పక్కన పడేస్తుంది. ఆర్ స్విచ్ పెడితే ఖాళీ చోటుతో సహా డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. నీరసంగా ఉన్నవాణ్ని గట్టు మీద పరుగెత్తించినట్టు. పైగా సరిచేశానంటూ అదే జబ్బు డిస్క్ మీద రాస్తుంది కూడా.

బ్యాడ్ సెక్టార్ల 'రిపేరు' సాఫ్ట్‌వేర్లు ఇంకో రకం. చాలావాటిలో జరిగేది ఆ పెండింగ్ సెక్టార్ల మీద ఏదో ఒకటి రాయడమే. రాయగానే డిస్క్ వాటిని పెండింగ్ నుంచి తీసేస్తుంది, సీ5 సున్నా అవుతుంది, అంతా బాగుందనే నీలం రంగు వస్తుంది. అందులో ఉన్న నీ డేటా మాత్రం పోయింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలోనే ఇంతకంటే తేలిక దారి ఉంది. హెల్త్ స్టేటస్ సెట్టింగ్‌లో హద్దు అంకె పెంచితే ఏమీ చేయకుండానే పసుపు నీలమవుతుంది. ఎవరైనా పసుపు పోగొట్టి ఇస్తానంటే ఇవి రెండూ గుర్తుపెట్టుకో.

ఇక పనిలోకి దిగుదాం. ఈరోజే ఇంకో డిస్క్ కొను, 2 టీబీకి తక్కువ కాకుండా. 4 టీబీ అయితే తర్వాత కూడా పనికొస్తుంది. సిస్టమ్‌కు యూపీఎస్ ఉందో లేదో చూసుకో, మధ్యలో కరెంటు పోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. క్యాబినెట్ డోర్ తీసి ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టు. యాంటీవైరస్ స్కాన్ ఆపు, ప్రీమియర్, లైట్‌రూమ్ తెరవకు, ఆ డిస్క్ మీద కొత్తగా ఏదీ సేవ్ చేయకు.

కాపీ చేసే వరుస ముఖ్యం. ఇవ్వాల్సిన మూడు పెళ్లిళ్లు మొదట. అందులో కూడా ఇబ్బంది పెట్టని ఫోల్డర్లు ముందు, బిగుసుకుపోయే ఫోల్డర్ అన్నిటికన్నా చివర. చాలామంది పోతున్న దాన్నే ముందు పట్టుకుంటారు, మనసు దాని మీదే ఉంటుంది కాబట్టి. దాని మీద డిస్క్ ఓపిక అంతా అయిపోయాక బాగున్నవి కూడా రావు. కట్ పేస్ట్ అస్సలు వద్దు, కాపీ పేస్టే.

మామూలు విండోస్ కాపీ ఒక ఫైల్ దగ్గర ఇరుక్కుంటే అక్కడే కూర్చుంటుంది. టెరాకాపీ అనే సాఫ్ట్‌వేర్ అయితే చదవలేని ఫైల్‌ను వదిలేసి ముందుకు పోతుంది, ఏది వదిలేసిందో జాబితా ఇస్తుంది, కాపీ అయ్యాక రెండు వైపులా ఒకేలా ఉన్నాయో సరిచూస్తుంది. ఆ సరిచూడడం మాత్రం ఇప్పుడు ఆపి పెట్టు, ముందు కాపీ కానివ్వు. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ తెలిసినవాళ్లు అదే వాడొచ్చు కానీ ఒక జాగ్రత్త. దానికి ఏమీ చెప్పకపోతే చదవలేని ఫైల్‌ను పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారికీ మధ్య ముప్పై సెకన్లు ఆగుతుంది. నేను కల్పించి చెప్పడం లేదు, అది దాని డిఫాల్ట్. రీట్రై ఒకటి, వెయిట్ ఒకటి అని కచ్చితంగా ఇవ్వాలి.

బాగున్న డిస్క్ సెకనుకు 120 ఎంబీ చొప్పున ఇచ్చినా 1.6 టీబీకి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. నీది రాత్రంతా పట్టొచ్చు. నాలాగా షట్టర్ దించి పోకు, పక్కనే ఉండు. గీరుతున్నట్టు గానీ, టిక్ టిక్ అని గానీ చప్పుడు వస్తే ఆ క్షణమే ఆపెయ్. ఆ చప్పుడుకు సాఫ్ట్‌వేర్ మందు లేదు. చాలావరకు హెడ్ పోయిందన్నమాట. హెడ్ మార్చాలంటే దుమ్ము లేని గదిలో, అదే మోడల్ ఇంకో డిస్క్ నుంచి తీసి పెట్టాలి. అది నా దుకాణంలో అయ్యే పని కాదు, వరంగల్‌లో ఇంకో దుకాణంలో అవుతుందని ఎవరైనా మూత విప్పబోతే డిస్క్ లాక్కుని వచ్చెయ్. పళ్లానికీ హెడ్‌కూ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. ఎనుమాముల మార్కెట్ దగ్గర కమీషన్ దుకాణాల కంప్యూటర్లు నా దగ్గరికి వస్తే మూత తీయగానే మిర్చి ఘాటుకు తుమ్ములు వస్తాయి. ఆ గాలిలో డిస్క్ విప్పితే ఏమవుతుందో నువ్వే ఊహించు. అలాంటిది హైదరాబాద్‌లో క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్‌కే పోవాలి, ఖర్చు కూడా గట్టిగానే ఉంటుంది.

టెరాకాపీతో కూడా ఆ చివరి ఫోల్డర్ రాకపోతే రెండో మెట్టు ఉంది. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ నడపాలి. ఉచితమే. ఇది ఫైళ్లను చూడదు, డిస్క్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇంకో ఖాళీ డిస్క్ మీదికి అచ్చు తీస్తుంది (టెరాకాపీతో ఫైళ్లు దించుకున్న డిస్క్ మీదికి కాదు). తేలిగ్గా వచ్చేవి ముందు లాగేసుకుని, మొరాయించేవి వదిలి, చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి డిస్క్ చల్లబడ్డాక మళ్లీ అక్కడి నుంచే నడపొచ్చు. మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వకుండా మాత్రం ఎప్పుడూ నడపకు. అచ్చు అయ్యాక ఆ కాపీ మీద టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటివి నడిపి ఫైళ్లు వెతకాలి, అసలు డిస్క్ మీద కాదు. ఇందులో ఒకే ఒక్క ప్రమాదం: ఏది పాత డిస్క్, ఏది ఖాళీ డిస్క్ అనేది తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పెళ్లి మీద పడుతుంది. సీరియల్ నంబర్ చూసి, కాగితం మీద రాసుకుని, అప్పుడు ఎంటర్ కొట్టు. ధైర్యం లేకపోతే డిస్క్ పట్టుకుని ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కాపీ పూర్తయ్యాక ఆ పాత డిస్క్‌తో ఇష్టం వచ్చినట్టు ఆడుకో. నువ్వు వాడాలనుకున్న సాఫ్ట్‌వేర్ల సమయం అప్పుడు. క్విక్ కాకుండా ఫుల్ ఫార్మాట్ పెట్టు, విస్టా నుంచి విండోస్ ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది. తర్వాత 05, సీ5 చూడు. సీ5 సున్నా అయ్యి 05 ఎనిమిది దగ్గరే ఆగిందంటే, ఆ మూడు చోట్లు పళ్లెం పాడవడం వల్ల వచ్చినవి కాకపోవచ్చు. రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన సెక్టార్ కోడ్‌తో సరిపోక పెండింగ్‌లో పడుతుంది. మన దగ్గర ఎండకాలం ఈదురుగాలి రాగానే కరెంటు పోతుంది కదా, యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదైనా ఎవరూ మార్చరు. అలాంటి డిస్క్‌లు ఫార్మాట్ తర్వాత ఏళ్ల తరబడి తిరిగినవి చూశాను. అయితే 05 పెరిగి 32 అయ్యిందంటే పళ్లెం మీద నిజంగానే దెబ్బ ఉన్నట్టు. దాన్ని పిల్లల సినిమాలకు కూడా ఇవ్వకు. నీది 23,520 గంటలు తిరిగింది కాబట్టి, ఫార్మాట్ తర్వాత బాగున్నా నేనైతే మూడో కాపీ కోసం తప్ప పెట్టుకోను.

ఏ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ పెట్టుకుని ఉండాలి అనేదానికి వస్తే, స్టూడియోకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు, ఉచితం. ఫంక్షన్ మెనూలో రెసిడెంట్, స్టార్టప్ రెండూ టిక్ పెట్టు, గడియారం పక్కన డిస్క్ వేడి కనిపిస్తూ ఉంటుంది, ఏదైనా తేడా వస్తే హెచ్చరిస్తుంది. ఒక్కసారి తెరిచి చూసి మూసేసే సాఫ్ట్‌వేర్‌తో లాభం లేదు. ఇప్పుడు అంకె ఎంత ఉందన్నదానికంటే పోయిన నెలకూ ఈ నెలకూ ఎంత మారిందన్నది ముఖ్యం. 05 ఎనిమిది దగ్గర రెండేళ్లుగా ఆగి ఉన్న డిస్క్ కంటే, వారంలో సున్నా నుంచి ఎనిమిదికి వచ్చిన డిస్క్ ప్రమాదం. హార్డ్ డిస్క్ సెంటినెల్ అనేది డబ్బు పెట్టి కొనాలి, కానీ ఈ మార్పుల చరిత్ర బాగా దాస్తుంది, ఏ రోజు ఏది ఎంత పెరిగిందో మాటల్లో చెబుతుంది. అయిదారు సిస్టమ్‌లు ఉన్నవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు. అది చూపించే శాతం మాత్రం మరీ పట్టుకుని కూర్చోకు, అరవై శాతం ఆరోగ్యం అంటే అరవై శాతం ఆయుష్షు అని కాదు. లినక్స్ వాడేవాళ్లకు స్మార్ట్‌మాన్‌టూల్స్ ఉంది, దానికి బొమ్మల ముఖం కావాలంటే జీస్మార్ట్‌కంట్రోల్. సీసీటీవీ డీవీఆర్ డిస్క్‌ల సంగతి ఎవరూ పట్టించుకోరు, దొంగతనం అయిన రోజే అది ఆరునెలలుగా రికార్డు చేయట్లేదని తెలుస్తుంది. అది వేరే కథ.

ఎక్స్‌టర్నల్ డిస్క్ పెడితే కొన్నిసార్లు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఏమీ కనిపించదు. మధ్యలో ఉన్న యూఎస్‌బీ చిప్ ఆ వివరాలు దాటనివ్వదు. డిస్క్ బాగుందని అర్థం కాదు, తెలియదని మాత్రమే.

నీలం రంగు ఉంటే నిశ్చింతేనా అంటే, అదీ కాదు. 2007లో గూగుల్ తమ లక్షకు పైగా డిస్క్‌ల లెక్కలు బయటపెట్టింది. మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనను తాను తనిఖీ చేసుకుంటే దొరికిన తప్పు) వచ్చిన డిస్క్, రాని డిస్క్ కంటే రాబోయే 60 రోజుల్లో చచ్చిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ అని అందులో తేలింది. నిన్ను ఇంత తొందరపెడుతున్నది అందుకే. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. చచ్చిపోయిన డిస్క్‌ల్లో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా చూపించకుండానే పోయాయి. క్లౌడ్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ 05, బీబీ (దిద్దలేకపోయిన తప్పులు), బీసీ (సమయానికి జవాబు రాని ఆదేశాలు), సీ5, సీ6 అనే అయిదు లెక్కలనే చూస్తుంది. 2016లో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం పోయిన డిస్క్‌ల్లో 23 శాతానికి ఈ అయిదూ సున్నాయే. మెల్లగా అరిగిపోయేవి ముందే చెబుతాయి. సర్క్యూట్ బోర్డు కాలేది, టేబుల్ మీద నుంచి పడేది, పవర్ సప్లై పేలేది ఏ సాఫ్ట్‌వేర్‌కూ ముందు తెలియదు.

ఎస్‌ఎస్‌డీ వేస్తే ఈ గొడవ ఉండదా అని చివర్లో అడిగావు. తిరిగే పళ్లెం ఉండదు కాబట్టి ఎడిటింగ్‌కు హాయి, తప్పకుండా వెయ్యి. దానికీ లెక్కలుంటాయి. 'పర్సెంటేజ్ యూజ్డ్' ఎంత అరిగిందో చెబుతుంది, 'అవైలబుల్ స్పేర్' దాచి ఉంచింది ఎంత మిగిలిందో చెబుతుంది. చాలా 1 టీబీ డ్రైవులకు 600 టీబీ రాతలదాకా వారంటీ ఇస్తారు, ఒక స్టూడియో అంత రాయడానికి ఏళ్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలు అరిగిపోయి పోవడం నేను పెద్దగా చూడలేదు. నిన్నటిదాకా పనిచేసి ఈరోజు బయోస్‌లోనే కనిపించకుండా పోయినవే ఎక్కువ. వాటికి టిక్ టిక్ ఉండదు, నత్తనడకా ఉండదు. పైగా డిలీట్ చేసిన ఫైల్‌ను ట్రిమ్ (ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశం) కొద్దిసేపట్లోనే నిజంగా తుడిచేస్తుంది, రికవరీ సాఫ్ట్‌వేర్ చేతిలో ఏమీ మిగలదు. పాత పెళ్లిళ్లన్నీ ఎస్‌ఎస్‌డీలో పెట్టి ఇనుప బీరువాలో దాచేసే పని కూడా చేయకు. కరెంటు లేకుండా డేటా నిలవాల్సిన కాలానికి ఒక ప్రమాణం ఉంది: పూర్తిగా అరిగిన ఇంటి వాడకం ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఒక సంవత్సరం. మన మే నెలలో బయట 44 ఉంటే బీరువా లోపల ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూడు. దాచడానికి హార్డ్‌డిస్కే నయం, ఏడాదికి రెండుసార్లు తీసి తిప్పి పెట్టు.

2023 జులై వానలకు హన్మకొండలో నాలాలు పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు, నా దగ్గరికి తడిసిన డిస్క్‌లు వరసగా వచ్చాయి. ఒకాయన బియ్యం డబ్బాలో మూడు రోజులు పెట్టి, ఎండలో ఆరబెట్టి, పని చేస్తుందేమోనని కరెంటు ఇచ్చి చూసి అప్పుడు తెచ్చాడు. తడిసిన డిస్క్‌కు కరెంటు ఇవ్వకూడదు, ఎండబెట్టకూడదు కూడా. బురద నీళ్లు ఆరితే పళ్లెం మీద గట్టిగా అంటుకుంటాయి. తడిగానే కవర్‌లో మూసి ల్యాబ్‌కు పంపాలి. ఆయన అసలు డిస్క్, బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే అరలో పెట్టుకున్నాడు. రెండూ తడిసాయి.

అందుకే మూడు కాపీలు, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో అనే లెక్క పుట్టింది. దాన్ని జనంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా నీలాంటి ఫొటోగ్రాఫరే. నీకు సరిపడేలా చెప్పాలంటే, పెళ్లి అయి రాత్రి ఇంటికి రాగానే కార్డు నుంచి రెండు డిస్క్‌లకూ కాపీ, అప్పుడు టెరాకాపీలో సరిచూసే టిక్ పెట్టు. రెండో డిస్క్ ఆదివారం ఇంటికి తీసుకుపో, స్టూడియోలో ఉంచకు. కార్డు ఫార్మాట్ చేయడం రెండు కాపీలూ తెరిచి చూశాకే. ముహూర్తాలు వరసగా ఉన్నప్పుడు కార్డులు చాలవంటావు, నాకు తెలుసు. ఇంకో రెండు కార్డులు కొను, అవి రికవరీ బిల్లు కంటే చవక. గూగుల్ డ్రైవ్ సింక్‌ను బ్యాకప్ లెక్కలో వేసుకోకు, ఇక్కడ డిలీట్ అయితే అక్కడా డిలీట్ అవుతుంది.

డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెడితే వస్తుందా అని కింద ఇంకెవరో అడిగారు. పెట్టొద్దు. బయటకు తీయగానే మంచినీళ్ల గ్లాసుకు పట్టినట్టు పళ్లానికి చెమట పడుతుంది.

తమ్మీ, కాపీ మొదలుపెట్టాక ఏ ఫైళ్లు వదిలేసిందో ఆ జాబితా ఇక్కడ పెట్టు. ఫుల్ ఫార్మాట్ తర్వాత 05, సీ5 కూడా రాయి, ఈసారి డెసిమల్‌లో.